ముందు వరుస

వేదిక ఎక్కబోతూ బిల్డర్ అశోక్‌కుమార్ వెనక్కి తిరిగి, గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే అంజినమ్మ దగ్గరికొచ్చాడు.

"జిగణి సభలో చూసినా, నగర్తపేట సభలో చూసినా ముందు వరుసలో నువ్వే! నేనెక్కడికి పోయేదీ ఎవరు చెప్తారు నీకు?"

"ఈ ఫోనే చెప్తాదప్పా. నీ పేరు పేపర్లో పడితే నాకు కబురొచ్చేట్టు మా పాప పెట్టిచ్చింది."

"ఏం కావాల?"

"నువ్వు కట్టిచ్చిన గోడ కూలి సచ్చినోడు నా కొడుకు."

"పేరేమి?"

అంజినమ్మ చెప్పబోయి ఆగింది. కొడుకు పేరు ఇతని నోట వినాలనే ఇన్నాళ్లూ తిరిగింది. తీరా అడిగాక ఇవ్వబుద్ధి కాలేదు.

"చెప్పను. చెప్తే మైకులో ఆ పేరు చదివి, రెండు నిమిషాలు మౌనం పాటించి, మరిచిపోతావు."

నిర్వాహకులు పిలిచారు. అతను మైకు ముందు నిలబడి, మొదటి మాటకే తడబడ్డాడు.

అంజినమ్మ కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకుంది.