జల్లెడక్క

"ఇది నాలుగోసారి." మేనేజరు పగిలిన పింగాణీ గొట్టాన్ని బల్లమీద పెట్టాడు. "బట్టీ కాల్చడం ఒక్కరికీ చేతకాదా?"

ముగ్గురు బట్టీవాళ్ళను ఇంటికి పంపిన ఘనత ఆయనది. నాలుగో మనిషిగా జల్లెడక్క ఆయన ఎదురుగా నిలబడింది. పింగాణీ పొడి జల్లించడం దండగని ఆర్నెల్ల క్రితం ఆమె జల్లెడ తీసేసుకుని చీపురు ఇచ్చిందీ, మనుషులు దొరక్క మొన్న బట్టీ అప్పగించిందీ ఆయనే.

"వేడి ఎక్కువైందా, తక్కువైందా?"

"వేడి సరిగ్గానే ఉంది సార్. పొడి చూడండి." పిడికెడు పొడి ఆయన ముందు పోసింది.

"మొహానికి రాసుకునే పౌడరుకంటే మెత్తన. దీనికి వంక పెడతావా?"

"మెత్తనిదే తొందరగా ఉండ కడుతుంది సార్. నొక్కి చూడండి."

ఆయన వేలి కింద ఆవగింజంత ఉండ చిట్లింది. ఇంకోటి. మరోటి.

"కాలేటప్పుడు ఉండ ముందే ముడుచుకుపోతుంది. చుట్టూ ఉన్న పొడి ఇంకా వదులుగానే ఉంటుంది. మధ్యలో సందు పడి, అక్కడే పగులుతుంది."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా?"

"జల్లించడం ఆపిన రోజే చెప్పాను. ఊడ్చే మనిషికి పొడి గొడవెందుకన్నారు."

ఆయన వేళ్ళు దులుపుకున్నాడు. "సరే, జల్లెడ తెచ్చుకో."

"మీ బల్లమీదే ఉంది సార్."

ఆర్నెల్లుగా ఆయన కాగితాలు పెట్టుకుంటున్నది అందులోనే. అక్క కాగితాలన్నీ పద్ధతిగా తీసి ఆయన ముందుంచి, జల్లెడ చంకన పెట్టుకుంది.

అన్నిటికంటే పైన ఆమెను పనిలోంచి తీసేసే ఉత్తరం ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

"పెన్ను కింద పడింది సార్," అంటూ వంగి తీసి, ఆయన చేతికిచ్చి వెళ్ళిపోయింది.