టోబీ విసిరిన బాల్

స్టేడియంలో పక్క సీటుకి వస్తున్న అమ్మాయి తగిలి, రాజారావు ఒళ్ళోని నాచోస్ ప్లేటు కాస్తా కింద పడింది.

"చూసుకుని నడవమ్మా! ఇంత మనిషిని, కనబడలేదా?"

కోపంలో తెలుగే వచ్చేసింది. జవాబూ తెలుగులోనే వచ్చింది.

"సారీ అంకుల్, ఈ వైపు నాకు..." అంది ఆ అమ్మాయి. వంగి, పడినవన్నీ ఏరి, ఆయన కుడిపక్క సీట్లో కూర్చుంది. నల్లకళ్ళద్దాలు తియ్యలేదు.

ఎడంపక్కనున్న కూతురు వర్ష పలకరించింది. పేరు దేదీప్య అట. మోరిస్‌విల్‌లో ఉద్యోగమట. ఈ ఒక్క ఆట కోసం ఫ్లైట్‌లో వచ్చిందట.

రాజారావు అసలే మండిపోతున్నాడు. బేస్‌బాల్ ఆటగాడు టోబీ మార్లో ఆడటానికి వస్తున్నాడు, అదీ అవతలి జట్టు బట్టల్లో!

క్రికెట్ తప్ప ఇంకోటి ఆటే కాదనుకున్న రాజారావుకి బేస్‌బాల్ పిచ్చి పట్టించింది ఆ టోబీయే. అతను ఇక్కడి జట్టు స్టాలియన్స్‌కి ఆడినన్నాళ్ళూ రాజారావు ప్లేనో నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి ఈ వరసలోనే కూర్చునేవాడు. పోయినేడు వేసవిలో ఇండియా వెళ్ళి వచ్చేసరికి రెండు ఘోరాలు జరిగిపోయాయి. సీట్ల ముందు ఇంత ఎత్తున వల కట్టేశారు. టోబీ జట్టు మారిపోయాడు. ఎందుకని రాజారావు ఎవర్నీ అడగలేదు. కోపంగా ఉన్నవాడికి కారణాలు వినే ఓపిక ఎక్కడిది?

"దిక్కుమాలిన వల! చేపల మార్కెట్‌లో కూర్చున్నట్టుంది."

"నాన్నా, ఎవ్రీ గేమ్ ఇదే అంటావు," అంది వర్ష. "టోబీ అంటే అంత హేట్ అయితే ఆయన జెర్సీ ఎందుకు వేసుకున్నావు మరి?"

"పేరు మీద టేపు అంటించానుగా!"

నిజమే, వీపు మీది పేరుని నల్ల టేపుతో మూసేశాడు. జెర్సీని పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది.

టోబీ బ్యాట్ పట్టుకుని వచ్చాడు. స్టేడియం అంతా "బూ" అంది. అందరికన్నా గట్టిగా రాజారావే అన్నాడు.

దేదీప్య ఒక్కతీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"కూర్చోమ్మా! ఆ ద్రోహికి చప్పట్లేంటి?"

"ఆయన ఎందుకు వెళ్ళిపోయారో మీకు తెలుసా అంకుల్?"

"ఈ గ్రౌండ్‌లో ఇక ఆడలేను అన్నాడట. నెత్తిన పెట్టుకున్న ఊళ్ళో ఆడలేడట! అంటే మనం పనికిరామన్నమాటేగా?"

ఆ అమ్మాయి మెల్లగా కూర్చుంది.

"ఇన్నింగ్స్ అయ్యాక బాల్ ఇటు విసురుతానన్నారు. నేను పట్టుకోవాలి అంకుల్. అందుకే వచ్చాను."

"నీకా? టోబీయా?" రాజారావు పగలబడి నవ్వాడు. "సెల్ఫీ కూడా దిగుతానన్నాడా?"

మూడు అవుట్లతో ఇన్నింగ్స్ ముగుస్తుంది; ఆ మూడో క్యాచ్ పట్టినవాడు, ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌కి పోతూ పోతూ ఆ బాల్‌ని జనంలోకి విసరడం ఇక్కడ మామూలే. టోబీ జట్టు ఫీల్డింగ్‌కి దిగాక, మూడో అవుట్ బాల్ గాల్లోకి లేచి టోబీ చేతిలోనే పడింది. అతను పరుగున వచ్చి వల ముందు ఆగాడు. వరసలన్నీ వెతికి, సరిగ్గా ఇటు చూసి, టోపీ తీశాడు. బాల్‌ని వల పైనుంచి మెల్లగా వేశాడు.

దేదీప్య రెండు చేతులూ చాచింది. బాల్ ఆమెకి ఎడంపక్కగా వచ్చింది. ఆమె తల తిప్పుకునేలోగా రాజారావు లాగేసుకున్నాడు.

"అంకుల్, ప్లీజ్! అది నాకు!"

పోయినేడైతే ఆ బాల్‌ని పూజగదిలో పెట్టుకునేవాడు. వేళ్ళు ఒక్క క్షణం దాన్ని వదల్లేదు కూడా. వెనకనుంచి జనం "త్రో ఇట్ బ్యాక్!" అని అరిచారు. అంతే, కాలేజీలో బౌండరీ నుంచి వికెట్లు పడగొట్టిన చెయ్యి లేచింది.

డగౌట్ మెట్ల దాకా వెళ్ళిన టోబీ కాళ్ళ దగ్గర బాల్ పడింది.

అతను వెనక్కి తిరిగాడు. బాల్‌ని చూశాడు. తను విసిరిన వరస వైపు చూశాడు. అక్కడ అందరూ లేచి కేకలు వేస్తున్నారు. తల దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"నేను కాదు! నేను విసర్లేదు!" దేదీప్య ఇంగ్లీషులో అరుస్తూ చేతులూపింది. ఆ గోలలో ఎవరికి వినబడుతుంది!

"చూశావా వర్షా, మొహం ఎలా మాడిపోయిందో!" అన్నాడు రాజారావు. అన్నాడే గానీ, అనుకున్నంత సంతోషం కలగలేదు.

తర్వాతి ఇన్నింగ్స్‌లో టోబీ చోట ఇంకెవరో నిలబడ్డారు. ఆ అమ్మాయి కాసేపు చూసి, బ్యాగ్ తీసుకుని లేచింది.

"ఒక బాల్ కోసం ఏడుస్తారామ్మా? బయట షాపులో కొనిస్తాలే."

దేదీప్య కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. కుడికన్ను ఆయన వైపు తిరిగింది. ఎడంకన్ను తిరగలేదు.

"పోయినేడు ఆయన కొట్టిన బాల్ నాకు తగిలింది ఇక్కడే అంకుల్. అప్పట్నుంచి ఈ వైపు చూస్తూ బ్యాట్ పట్టుకోలేకపోయారు. ఇన్నాళ్ళూ సారీ చెబుతూనే ఉన్నారు, నేనే పలకలేదు. మొన్న ఆయనకి చెప్పాను, మళ్ళీ అదే సీట్లో కూర్చుంటాను, మీరు విసిరింది పట్టుకుంటే నా మనసులో మీ మీద కోపం లేనట్టే అని."

ఆమె మెట్లు తడుముకుంటూ ఎక్కి వెళ్ళిపోయింది.

రాజారావు ముందుకి చూశాడు; ఇన్నాళ్ళూ తను తిట్టిపోసిన ఆ వల కట్టింది, ఈ పిల్ల కన్ను పోయాకే.