బన్నుల డబ్బా

"నలభై ఐదు వేల పెసోలు" అని ఆఫీసుకి వెళ్ళే జీప్నీ బండిలో దారి పొడవునా గొణుక్కుంటూ వచ్చాను. ప్రార్థన చేసుకుంటున్నాననుకుని పక్కనున్న ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది. నేను పని నేర్పిన కుర్రాడు చేరిన రోజే అంత జీతం అడిగి తెచ్చుకున్నాడు. నా జీతం ఇంకా ముప్ఫై వేల దగ్గరే ఉంది.

మా మేనేజరు మిలాగ్రోస్ నా పెళ్ళికి నినాంగ్, అంటే తల్లి స్థానంలో నిలబడ్డ పెళ్ళిపెద్ద. ఆ రోజు చర్చిలో మా అమ్మ పక్కన నిలబడి నన్ను దీవించిన మనిషిని జీతం పెంచమని అడగాలంటే నోరు పెగలదు.

జీతం సంగతి మాట్లాడాలని ముందే చెప్పి ఉన్నాను కాబట్టి, గదిలో అడుగు పెట్టగానే ఆమే అడిగేసింది: "కూర్చో రోవేనా. ఎంత కావాలే నీకు? చెప్పు."

నోటిదాకా వచ్చిన అంకె అక్కడే అతుక్కుపోయింది.

"మీ ఇష్టం నినాంగ్" అన్నాను. అన్న మరుక్షణం నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"మనమంతా ఒక ఇంటివాళ్ళమే కదే! వచ్చే ఏడాది చూద్దాంలే" అంటూ బల్ల మీదున్న డబ్బా నా వైపు తోసింది. వెన్న పూసి, పంచదార చల్లిన ఎన్సాయ్‌మాడా బన్నులు. "పిల్లలకి పట్టుకెళ్ళు."

ఒళ్ళు మండిపోయింది. "ఆ అబ్బాయికి జీతమూ, నాకు బన్నులూనా?"

ఆమె కోప్పడలేదు. పెదాలు ముందుకు చాచి, వాటితోనే మా పెద్ద సార్ కూర్చునే పై అంతస్తు వైపు చూపించింది.

"నిన్న నేనూ వెళ్ళానే పైకి, మనిద్దరి జీతాల కోసమే. సార్ ఈ డబ్బా ఇచ్చి పంపారు."

"మీరెంత అడిగారు నినాంగ్?"

ఆమె తల దించుకుని, సరిగ్గానే ఉన్న డబ్బా మూతని మళ్ళీ సర్దింది.

"మీ ఇష్టం సార్, అన్నాను."