రెండో చరణం

నాచారంలో మా చర్చి, బడి పాటల బృందాలకు పాత లూథరన్ కీర్తనలను నాలుగు స్వరాల్లో మళ్లీ నేర్పేది నేనే. ఆ ఆదివారం ప్రాక్టీసులో రెండో చరణం దగ్గర ఆపాను.

"హెప్సిబా, గొంతు బొంగురువోయింది. పాట చెడగొడుతున్నవ్. దిగు."

"ఇంట్ల మొగుడు, ఈడ మాస్టరు. రెండు దిక్కుల తిట్లేనా నాకు?" అంది నా భార్య. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"గొంతు బాగైనంక రా."

ఐదు నెలలు వెనక బెంచీ మీద కూర్చుని పెదవులు మాత్రం కదిపింది.

హబ్సిగూడలో డాక్టరు హెప్సిబా రిపోర్టు చూశాడు.

"గొంతుల గడ్డ ముదిరింది సార్, ఇగ లాభం లేదు. మొదట్లనే వస్తే తీసేసేటోళ్లం. గొంతు ఎప్పుడు మారింది?"

తేదీ చెప్పాను. చరణం కూడా చెప్పాను.

"అంత కరెక్టుగ ఎట్ల తెల్సు?"

హెప్సిబాకు అప్పటికే మాట పడిపోయింది. గర్వంగా నవ్వి, వేలితో నా చెవి చూపించింది.