ఆలస్యంగా కదిలే చెయ్యి

"మళ్ళీ ఆలస్యం!"

కూతురు గిన్నెను బల్ల మీద ఠపీమని పెట్టింది. చక్రాల కుర్చీలో కూర్చున్న తల్లి అప్పటికే గడ్డంతో మీట నొక్కింది. కుర్చీకి బిగించిన ఇనుప చెయ్యి మాత్రం ఉలకలేదు, పలకలేదు. రెండుసార్లు ఊపిరి తీసుకునేంత సేపయ్యాక తీరిగ్గా లేచి, చెంచా అందుకుని ఆవిడ నోటి దాకా తెచ్చింది.

తల్లి ఒకప్పుడు రేవులో క్రేన్ నడిపేది. ఓడల్లోని పెద్దపెద్ద పెట్టెలను అగ్గిపెట్టెల్లా పేర్చేది. అందరూ క్రేనక్క అనేవారు. నిచ్చెన మీంచి జారిపడ్డ రోజు నుంచీ మెడ కింద ఏదీ కదలదు. ఈ ఇనుప చెయ్యి వచ్చాకే తన ముద్ద తను తింటోంది, తన ముక్కు తను గోక్కుంటోంది. అంతరిక్ష నౌకల్లో సరుకు పట్టుకోవడానికి చేసిన చేతికి ఇది చెల్లెలట. మొదట్లో మీట నొక్కగానే కదిలేది. ఈ మధ్యే ఇలా తయారైంది.

"కాస్త ఆగితే ఏం పోయిందే? రైలు తప్పిపోతోందా?" అంది తల్లి నములుతూ.

కూతురికి నవ్వు రాలేదు. డాక్టర్ మాట చెవిలో గింగురుమంటోంది. 'గడ్డంలో పట్టు తగ్గిందనిపిస్తే క్షణం ఆగకండి. తరవాత పోయేది ఊపిరే.'

పాడైంది యంత్రమా? అమ్మా?

మెకానిక్ వచ్చాడు. కుర్చీ వెనక పెట్టె తెరిచి, రిమోట్‌తో చేతిని నేరుగా ఆడించి చూశాడు. అది చటుక్కున లేచి, గిర్రున తిరిగి, అతని జేబులోని పెన్ను లాగేసింది.

"యంత్రానికేం రోగం లేదక్కా. గుండ్రాయిలా ఉంది."

"మరి అమ్మ నొక్కితే ఎందుకలా?"

మెకానిక్ తల్లి వైపు చూశాడు. తల్లి కిటికీ వైపు చూసింది.

"అది... అమ్మగారినే అడగండి," అని సంచి సర్దుకుని, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా జారుకున్నాడు.

యంత్రం బాగుందంటే, పాడవుతున్నది అమ్మే. కూతురు వెంటనే ఫోన్ తీసి బండి పిలిచింది.

"బండి ఎవరికే?"

"నీకే. ఆస్పత్రికి."

"సాయంత్రం వెళ్దాం. ఇప్పుడు నాకు పనుంది."

"పనా? ఏం పనమ్మా? ఆ ఇసకలో రాళ్ళేరడమా?"

గది మూల ఇసక తొట్టి ఉంది. పట్టుబట్టి తెప్పించుకుంది. చిన్నపిల్లలా రోజంతా ఇనుప చేత్తో అందులోంచి గులకరాళ్ళు తీస్తుంది, మళ్ళీ పాతేస్తుంది. గడ్డమే కాదు, మతి కూడా జారిపోతోందా? కూతురికి ఏమీ పాలుపోలేదు.

కింద బండి హారన్ మోగింది.

"ముందు కంప్యూటర్ పెట్టు. కర్టెన్ తియ్యి. ఈ ఒక్క పనీ అయ్యాక ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా. ఒట్టు."

"ప్రాణం కంటే ఎక్కువైందా ఆ పని?"

"ఎక్కువేనే. నా బంగారం కదూ, పెట్టు."

కూతురు కళ్ళు తుడుచుకుంటూనే స్విచ్ వేసింది, కర్టెన్ లాగింది. తెర మీద బూడిదరంగు ఇసక, అందులో ఒక ఇనుప పంజా కనిపించాయి. తొట్టి వైపు చూసింది. అక్కడి ఇసక ఎర్రగా ఉంది. పంజా ఏదీ లేదు.

"క్రేనక్కా, సిద్ధమేనా?" స్పీకర్‌లో ఎవరో అడిగారు.

"ఎప్పుడో!"

తల్లి గడ్డం కదిపింది. కుర్చీ చెయ్యి ఒళ్ళోనే పడుకుని ఉంది. తెర మీదా చలనం లేదు. రెండు ఊపిర్లు గడిచాక తెర మీది పంజా నెమ్మదిగా వంగింది.

"అమ్మా, ఇదీ ఆలస్యమే!"

"ఆలస్యం కాదే పిచ్చిదానా, దూరం. నా మాట అక్కడికి వెళ్ళాలి, అక్కడి బొమ్మ ఇక్కడికి రావాలి. అలవాటవ్వాలని ఇంట్లో చేతికీ అంత ఆలస్యం పెట్టించుకున్నా, ఆ మెకానిక్‌ని బతిమాలి."

"నేనిక్కడ చచ్చిపోతున్నాను! నాకెందుకు చెప్పలేదు?"

"నెగ్గుతానో లేదో తెలీకుండా ఏం చెప్పను? ఈ పని పరీక్షకి చేతులున్నవాళ్ళు బోలెడంతమంది వచ్చారట. కదల్లేదనుకుని మళ్ళీ నొక్కేశారట. ఇన్నేళ్ళుగా నాకు ఆగడమేగా పని! ఉండు, మాట్లాడించకు."

గడ్డం కదిపింది. ఆగింది. కదిపింది. ఆగింది. పంజా ఇసకలో దిగి, ఒక నల్లరాయిని గుడ్డును పట్టుకున్నంత సుతారంగా పైకెత్తింది. స్పీకర్‌లో కేకలు, చప్పట్లు. ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు కూడా.

ఒక్క రాయికి ఇంత గోలేమిటో కూతురికి అంతుబట్టలేదు. అమ్మకేం కాలేదు, అది చాలు. ముక్కు ఎగబీల్చి నవ్వింది.

"రేవువాళ్ళు మళ్ళీ పిలిచారా? ఏ ఊళ్ళో ఉందమ్మా ఆ చెయ్యి?"

తల్లి గడ్డంతో కిటికీ చూపించింది.

"ఎదురు మేడలోనా?"

"ఇంకా పైకి చూడవే."

పగటి ఆకాశంలో తెల్లగా చందమామ ఉంది.