ఖాళీ టేపు చదివిన కంప్యూటర్

ఏమోయ్, గోరంత చిప్పులో వెయ్యి ఫొటోలు కుక్కేసి మీసం మెలేస్తున్నావా? నీ అంత మనిషి పట్టే పెట్టెలో గుప్పెడు లెక్కలు దాచుకున్న కాలం ఒకటుండేది. ఆ పెట్టెలు చేసిన ఓ కంపెనీ తన చరిత్ర అచ్చేసుకుంది. 'తొలిరోజే మా టేప్ డ్రైవ్ బ్రహ్మాండంగా నడిచింది' అని మొదటి పేజీలోనే ఉంటుంది. ఎలా నడిచిందో విను.

కంపెనీ అంటే అప్పట్లో ఓ రేకుల షెడ్డు, పదిమంది పనివాళ్లు. యజమాని బావ. ఫిట్టరు ఆయన బావమరిది, పొట్టి ఆకారం చూసి అందరూ బుడంకాయ్ అనేవాళ్లు. రెండేళ్లు చెమటోడ్చి బీరువా అంత డ్రైవ్ చేశారు. ముందువైపు రెండు రీళ్లు. ఒకదాని మీది టేపు రెండోదానికి చుట్టుకుంటుంటే కంప్యూటర్ చదువుకోవాలి.

కంప్యూటర్లు కొత్తగా మొదలుపెట్టిన ఇంకో కంపెనీ కబురు పెట్టింది. "మీ డ్రైవ్ మేం చూస్తాం, మా కంప్యూటర్ మీరు చూడండి. రెండూ కలిసి నడిస్తే నలభై డ్రైవులకి సంతకం."

ఆ సంతకం పడకపోతే షెడ్డుకి తాళమే.

తీరా ఆ పొద్దునే మోటారు కాలిపోయింది. టేపు మీద ఇంకా ఒక్క ముక్క కూడా ఎక్కించలేదు. బావ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఏడవకు బావా. మోటారు పీకేసి ఆ చోట్లో నేను కూర్చుంటా. రీళ్లు చేత్తో తిప్పుతా."

"టేపు ఖాళీ కదరా! కంప్యూటర్ ఏం చదువుతుంది, నీ మొహం?"

"చదవదు. అప్పుడు నువ్వు తప్పంతా వాళ్ల కంప్యూటర్‌దేనని అరిచెయ్. మా అక్క ముందు తప్ప ఎక్కడైనా అరవగలవుగా!"

"ఇదేం బరువురా నాయనా!" అని మొత్తుకుంటూ కూలీలు డ్రైవ్‌ని ఆ కంపెనీకి మోసుకెళ్లి కంప్యూటర్ పక్కన దింపారు. అదీ బీరువాలాంటిదే, ఒళ్లంతా దీపాలు. వాళ్ల మేనేజరమ్మ మీట నొక్కింది. బుడంకాయ్ రీళ్లు తిప్పాడు. లోపల ఉక్క, దుమ్ము. ఎంత ఆపుకున్నా తుమ్ము ఆగలేదు.

"హాచ్!"

కంప్యూటర్ మీద దీపాలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు వెలిగి ఆరాయి.

"అదేం చప్పుడండీ?" అంది మేనేజరమ్మ.

"గాలి వదిలిందండీ. కొత్త మిషను కదా!" అన్నాడు బావ.

ఆవిడ చెమట తుడుచుకుంటూ కంప్యూటర్ వైపే చూస్తోంది. బావ అరవడానికి గొంతు సవరించుకున్నాడు. అంతలో కంప్యూటర్ మీద పచ్చదీపం వెలిగింది. టేపు చదివేశానని దానర్థం!

బావ అరుపు మింగేసి దీపానికి దణ్ణం పెట్టాడు.

"ఇంకేం, సంతకాలు చేసేద్దాం రండి" అంటూ ఆవిడ అందర్నీ గబగబా పక్కగదిలోకి తీసుకెళ్లింది.

బుడంకాయ్‌కి నవ్వాగలేదు. ఖాళీ టేపుని గడగడా చదివేసింది, ఎంత వెర్రిబాగుల మిషను! నవ్వీ నవ్వీ నాలుక పిడచకట్టుకుపోయింది. గదిలో ఎవరూ లేరని చూసుకుని, డ్రైవ్ వెనక తలుపు తీసుకుని బయటికొచ్చి, బల్ల మీది నీళ్ల కూజా ఎత్తాడు.

"అన్నా, మొత్తం తాగెయ్యకు, నాకూ రెండు గుక్కలుంచు" అంటూ కంప్యూటర్ వెనక తలుపు తీసుకుని, చెమటతో తడిసి ముద్దయిన ఇంకో బుడంకాయ్ బయటికొచ్చాడు.