పగటి కథ

"పగటిపూట కథ చెప్పనని ఎరికుండి ఎందుకు పిలిపించినవే సులోచనా?"

కాంతమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. మెడలో వేసిన బంతిపూల దండ అట్లాగే ఉంది. ఎదురుగా చాపల మీద బడి పిల్లలంతా నోళ్ళు తెరుచుకొని చూస్తున్నారు. రంగూన్‌లో పుట్టి, ఎక్కడెక్కడో తిరిగి సిద్దిపేట చేరిన కాంతమ్మ పిల్లల కోసం రాసిన ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒకచోట ఒక ఏనుగు ఉంటుంది. ఆ ఏనుగును ఇవాళ ఆమె నోట వినాలని వాళ్ళ ఆశ.

హెడ్మిస్ట్రెస్ సులోచన ఆమె చేతులు పట్టుకుంది. ఒకప్పుడు కాంతమ్మ ఇంటి అరుగు మీద, దీపాలు పెట్టిన వేళ కథలు విన్న పిల్లే ఆమె కూడా.

"చింతమడక పిల్లలకు నాలుగింటికి బస్సున్నది పెద్దమ్మా. పొద్దుగూకినంక గీడ ఎవలుంటరు? దండేసి కూసోబెట్టి, కథ లేకుంట నిన్ను పంపిస్తె వీళ్ళు నన్ను బతకనిస్తరా?"

"దండ తీస్కో. పగలు కథ చెప్తె తొవ్వల ఉన్నోళ్ళు తొవ్వ తప్పుతరు."

"గిన్ని పుస్తకాలు రాసినదానివి, నువ్వే గిట్లంటె ఎట్ల?"

గుమ్మం దగ్గర కూర్చున్న ఆయా యాదవ్వ అందుకుంది. "ఆమె గోస నీకేమెరుక మేడం? బర్మల బాంబులు పడితె అడవులు పట్టుకొని నడిచొచ్చినోళ్ళాయె. ఒక్కగానొక్క తమ్ముడు నడిమిట్లనే ఎడబాసె. గాయన ఏ తొవ్వల ఉన్నడో అని..."

"వస్తుండు," అంది కాంతమ్మ. "నా నోటి కథతోని వాడు తొవ్వ తప్పొద్దు."

"నలభై ఏండ్లు దాటె పెద్దమ్మా," సులోచన మెల్లగా అంది. "వచ్చేటోడైతె ఈపాటికి రాకపోవునా?"

పగటిపూట కాంతమ్మ ఇంటి తలుపు మూసి ఉండగా ఎవరూ చూసి ఎరగరు. రాత్రి అరుగు మీద ఎంతమంది పిల్లలు ఊ కొట్టినా, ఆమె చెవికి మాత్రం ఎప్పుడూ ఒక ఊ తక్కువైనట్టే వినిపించేది.

చెప్పుల కోసం ఆమె వంగగానే, సులోచన పిల్లల వైపు తిరిగి చేయి ఊపింది.

"ఊఁ!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

కాంతమ్మ నిలబడిపోయింది. "నీ తెలివి మండ! ఊ కొట్టినోళ్ళకు కథ చెప్పకపోతె పాపమని నేర్పింది నేనాయె. నాకే పెడితివా?"

"ఎవల అరుగు మీద పెరిగిన మరి?"

కాంతమ్మ కుర్చీని గేటు కనబడేట్టు తిప్పుకొని కూర్చుంది. బయట మాఘమాసపు ఎండ తెల్లగా కాస్తోంది. బాట మీద ఎవరూ లేరు.

"అనగనగ ఒక అడివి."

"ఊఁ."

"అడివిల ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక అక్క, ఒక తమ్ముడు."

"ఊఁ."

"ఏరు దాటిచ్చేటందుకు ఒక్కటే ఏనుగు," అంది పిల్లల వైపు తిరిగి.

"ఊఁ."

ఈసారి పిల్లల గొంతుల వెనక ఇంకో గొంతు కలిసింది. బొంగురుగా, బరువుగా. కాంతమ్మ ఉలిక్కిపడి చూసింది. గుమ్మంలో నెరిసిన గడ్డంతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. భుజాన సంచి, చేతిలో పసుపు గుడ్డ ముడుపు.

"ఏమనుకోకండమ్మా. కొమురవెల్లి మల్లన్నకు మొక్కు తీర్చుకుందామని బయల్దేరాను. దారి తప్పినట్టున్నాను." అతని యాస ఈ ప్రాంతానిది కాదు.

కాంతమ్మ ముఖం పాలిపోయింది. "చూసినవా సులోచనా? నోరు తెరిచిన్నో లేదో, ఒకన్ని తప్పిస్తి! యాదవ్వా, లే. గాయనకు తొవ్వ చూపియ్యి. ఏ ఇంట్ల ఎవలు ఎదురుచూస్తున్నరో!"

యాదవ్వ లేచింది. అతను మాత్రం కదల్లేదు. సగం కథలో పోలేనన్నట్టు గుమ్మానికి ఆనుకున్నాడు.

"తొందరగ ముగిస్త," అంది కాంతమ్మ. "అక్క ఏనుగెక్కింది. ఇంకొకలకు జాగ లేదు. 'నువ్వు గీన్నే నిలవడు, నీ కోసం మళ్ళొస్తది' అని తమ్మునికి చెప్పి, ఏరు దాటింది."

"ఊఁ."

"చెప్పినట్టే ఏనుగు మళ్ళొచ్చింది. తమ్మున్ని మీదెక్కిచ్చుకొని, తీస్కపోయి అక్క పక్కన దించింది. ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకొని ఇల్లు చేరిన్రు."

పిల్లలు కేరింతలు కొట్టారు. సులోచన కళ్ళు తుడుచుకుంది. కాంతమ్మ చెప్పులు వేసుకొని, గుమ్మంలోని మనిషిని దాటి వెళ్ళబోయింది.

"ఏనుగు మళ్ళీ రాలేదక్కా," అన్నాడతను.